మెడలో బిళ్లలు, మింగనివ్వని గొంతు, తీరని నీరసం: పిల్లల్లో గ్లాండ్యులర్ ఫీవర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయికి పదిహేనో ఏట ఈ జ్వరం వచ్చింది. మొదటి పది రోజులు మాకు దాని పేరే తెలీదు. గొంతు ఇన్‌ఫెక్షన్ అన్నారు, ఒక యాంటీబయాటిక్ కోర్సు అయింది, ఇంకోటి మొదలైంది, ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, అప్పటిగ్గానీ ఎవరూ రక్త పరీక్ష రాయలేదు. అది మొదలు తెలిసినవాళ్లలో ఎవరి పిల్లలకి ఇది వచ్చినా ఫోన్ నాకే వస్తుంది, అడిగేవీ దాదాపు ఇవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. నేను డాక్టర్ని కాదు, మీ పిల్లల గొంతులోకి టార్చి వేసి చూసినవాళ్ల మాటే ముందు.

గ్లాండ్యులర్ ఫీవర్, మోనో, ఇన్‌ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అని రకరకాలుగా అంటున్నారు. అన్నీ ఒకటేనా?

ఒకటే. 1889లో ఎమిల్ ఫైఫర్ అనే జర్మన్ డాక్టర్ జ్వరంతో పాటు గ్రంథులు వాచే జబ్బును వర్ణించి దానికి గ్రంథుల జ్వరం అనే పేరే పెట్టాడు. 1920లో అమెరికాలో స్ప్రంట్, ఎవాన్స్ అనే ఇద్దరు డాక్టర్లు ఇదే జబ్బులో రక్తంలోని తెల్లకణాల తీరు మారడం చూసి మోనోన్యూక్లియోసిస్ అన్నారు, దాన్నే కుదించి మోనో అంటున్నాం. నూటికి తొంభై కేసుల్లో కారణం ఎప్‌స్టీన్-బార్ వైరస్, పొట్టిగా ఈబీవీ. దీన్ని 1964లో ఆంథొనీ ఎప్‌స్టీన్, ఇవోన్ బార్, బర్ట్ అచాంగ్ కనుక్కున్నారు. అయితే వాళ్లు వెతుకుతున్నది ఈ జ్వరం కోసం కాదు, ఆఫ్రికా పిల్లల్లో వచ్చే ఒక కణితిలో కనిపించింది. మూడు నాలుగేళ్ల తర్వాత, ఆ వైరస్ మీద పరిశోధన జరుగుతున్న ల్యాబ్‌లో పనిచేసే ఒక అమ్మాయికి మోనో వచ్చి, అంతకుముందు ఆమె రక్తంలో లేని యాంటీబాడీలు జబ్బు తర్వాత కనిపించడంతో రెంటికీ లంకె దొరికింది.

రిపోర్టులో ఎక్కడైనా హ్యూమన్ హెర్పిస్ వైరస్ 4 అని కనిపిస్తే గుండె ఆగిపోనక్కర్లేదు. ఈబీవీకి అది ఇంకో పేరు, అంతే. ఆటలమ్మ తెచ్చే వైరస్ కూడా ఆ కుటుంబందే.

మామూలు గొంతు నొప్పికీ దీనికీ తేడా ఎలా పసిగట్టాలి?

మొదటి మూడు నాలుగు రోజుల్లో చాలాసార్లు పసిగట్టలేం, ఇది ముందే ఒప్పుకోవాలి. జ్వరం, గొంతు నొప్పి, ఒళ్లు నొప్పులు, ఆకలి లేకపోవడం, ఇవి ఏ వైరస్‌తోనైనా వస్తాయి. తేడా బయటపడేది రోజులు గడిచేకొద్దీ. మామూలు జలుబు గొంతు నాలుగైదు రోజుల్లో సర్దుకునే దారి పడుతుంది. ఇది అప్పుడే ముదురుతుంది. టాన్సిల్స్ రెండూ ఉబ్బి దాదాపు ఒకదానికొకటి ఆనుకునేలా అయిపోతాయి, వాటి మీద తెల్లగానో బూడిద రంగులోనో పొర కనిపిస్తుంది, ఉమ్మి మింగడానికి కూడా పిల్లలు మొహం చిట్లిస్తారు, గొంతులో ఏదో ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టు మాట మారిపోతుంది.

నన్నడిగితే రెండు గుర్తులు ప్రత్యేకంగా చూడండి. ఒకటి, మెడలో బిళ్లలు ఎక్కడ కట్టాయో. గొంతులో బ్యాక్టీరియా చేరినప్పుడు సాధారణంగా దవడ కింద, ముందువైపు బిళ్లలు వాస్తాయి. గ్లాండ్యులర్ ఫీవర్‌లో చెవుల వెనక నుంచి మెడ వెనకవైపు దిగే వరసలో కూడా, రెండు పక్కలా తగులుతాయి, చంకల్లో, గజ్జల్లో కూడా ఉండొచ్చు. రెండోది, నీరసం. జ్వరం తగ్గిన గంటల్లో కూడా పిల్లలు లేచి తిరగరు. మామూలుగా పారాసెటమాల్ పడగానే ఫోన్ అడిగే పిల్ల, ఫోన్ పక్కనే ఉన్నా చూడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

కొందరికి పొద్దున్నే పైరెప్పలు ఉబ్బి ఉంటాయి, మొహం ఏడ్చి లేచినట్టుంటుంది. అంగుట్లో చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపించొచ్చు. ఎడమవైపు పక్కటెముకల కింద బరువుగా ఉందంటారు, అది ప్లీహం సంగతి, కింద వివరంగా రాశాను. కొద్దిమందికి కళ్లు పచ్చబడతాయి కూడా, ఎందుకంటే కాలేయం కొంచెం వాస్తుంది. చాలామందిలో అది రక్త పరీక్షలో మాత్రమే తెలిసేంత స్వల్పం.

మా చిన్నవాడికి మూడేళ్లు. వాడికీ ఇలాగే వస్తుందా?

చాలావరకు రాదు. చిన్న వయసులో ఈ వైరస్ సోకితే అసలు ఏ లక్షణమూ లేకుండా పోవచ్చు, లేదంటే రెండ్రోజుల జ్వరం, ముక్కు కారడం, కడుపు నొప్పి, కాస్త దద్దు, అంతే, ఇంకో జలుబు అనుకుని మర్చిపోతాం. అసలు గ్లాండ్యులర్ ఫీవర్ రూపం ఎక్కువగా పదిహేను నుంచి పాతికేళ్ల లోపు మొదటిసారి వైరస్ తగిలినవాళ్లలో కనిపిస్తుంది. వైరస్ చేసే నష్టం కంటే, దాని మీద శరీరం చేసే యుద్ధమే ఎక్కువ బాధ పెడుతుంది, ఆ యుద్ధం టీనేజీలో గట్టిగా జరుగుతుంది. పెద్దయ్యేసరికి ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా దీని చేతిలో పడినవాళ్లే, అందులో చాలామందికి ఆ సంగతే తెలీదు.

దీన్ని ముద్దుల జబ్బు అంటారట కదా. మా అమ్మాయి విషయంలో ఇంట్లో అందరూ గుచ్చి గుచ్చి అడుగుతున్నారు.

దయచేసి ఆపమనండి. ఆ పేరు వల్ల ఎంతమంది పిల్లలు అనవసరంగా ఇంట్లో దోషుల్లా నిలబడ్డారో. ఇది ఉమ్మి ద్వారా పాకే వైరస్. ముద్దుతో పాకుతుంది నిజమే, కానీ ఒకే నీళ్ల సీసా మూతికి పెట్టుకుని తాగినా, ఒకే స్ట్రాతో తాగినా, ఒకరి స్పూను ఇంకొకరు నాకినా, పసిపిల్లలు ఒకే బొమ్మను నోట్లో పెట్టుకున్నా పాకుతుంది. సూటిగా చెప్పాలంటే ఎంగిలితో వచ్చే జబ్బు. ఆట మైదానంలో పదకొండు మంది ఒకే సీసా తిప్పుకుని తాగడం ఎప్పుడైనా చూశారా?

ఎవరి నుంచి వచ్చిందో తేల్చడం కూడా వృథా ప్రయాస. వైరస్ లోపలికి వెళ్లాక లక్షణాలు బయటపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంటే ఈరోజు జ్వరం వచ్చిందంటే నెలా పదిహేను రోజుల కిందటి ఎంగిలి. పైగా ఒకసారి సోకినవాళ్ల ఉమ్మిలో నెలల తరబడి, ఆ తర్వాత కూడా జీవితమంతా అప్పుడప్పుడూ వైరస్ కనిపిస్తూనే ఉంటుంది, వాళ్లకి ఏ జబ్బూ లేకపోయినా సరే. కాబట్టి ఇచ్చినవాళ్లు బుగ్గ మీద ముద్దు పెట్టిన మేనత్తే కావచ్చు.

మోనోస్పాట్ అనే రక్త పరీక్ష నెగెటివ్ వచ్చింది. అయినా డాక్టర్ అదే జబ్బు అంటున్నారు. ఎవరిని నమ్మాలి?

డాక్టర్నే. మోనోస్పాట్ అనేది వైరస్‌ను నేరుగా వెతికే పరీక్ష కాదు. ఈ జబ్బులో శరీరం ఒక వింత రకం యాంటీబాడీలు తయారు చేస్తుంది, అవి గుర్రం ఎర్రకణాలను ముద్దగా అతుక్కునేలా చేస్తాయి. ఎందుకో మనకి అనవసరం గానీ, ఆ అతుక్కోవడాన్ని చూసి జబ్బును పట్టుకుంటారు. ఇబ్బంది ఏంటంటే ఆ యాంటీబాడీలు తయారవడానికి టైమ్ పడుతుంది. మొదటి వారంలో పరీక్ష చేస్తే నలుగురిలో ఒకరికి జబ్బు ఉన్నా నెగెటివ్ రావొచ్చు. నాలుగేళ్ల లోపు పిల్లల్లో అయితే ఆ యాంటీబాడీలు చాలాసార్లు అసలు తయారే కావు, కాబట్టి ఆ వయసులో ఈ పరీక్ష పెద్దగా పనికిరాదు.

మామూలు రక్త పరీక్షే, అదే సీబీసీ, చాలా సంగతులు చెబుతుంది. తెల్లకణాల్లో లింఫోసైట్లు సగానికి మించి ఉండి, అందులో వింత ఆకారంలో ఉన్నవి 10 శాతం దాటితే, పైన చెప్పిన గుర్తులూ ఉంటే అనుమానం బలపడుతుంది. ఎస్‌జీపీటీ లాంటి కాలేయ పరీక్షలు కొంచెం పెరిగి ఉంటే ఇంకా బలం. మరీ తేల్చాల్సి వస్తే ఈబీవీ యాంటీబాడీ పరీక్షలు చేయిస్తారు.

ఆ ఈబీవీ రిపోర్టులో ఐజీఎం, ఐజీజీ, ఈబీఎన్ఏ అని మూడు వరసలున్నాయి. ఎలా చదవాలి?

ఐజీఎం, ఐజీజీ అనేవి రెండు రకాల యాంటీబాడీలు, ఐజీఎం ముందు వచ్చి పోతుంది, ఐజీజీ తర్వాత వచ్చి ఉండిపోతుంది. వీసీఏ, ఈబీఎన్ఏ అనేవి ఆ యాంటీబాడీలు గుర్తుపట్టే వైరస్ భాగాలు. వీసీఏ ఐజీఎం పాజిటివ్, ఈబీఎన్ఏ నెగెటివ్ అంటే ఇప్పుడే సోకిందని. వీసీఏ ఐజీజీ, ఈబీఎన్ఏ రెండూ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్ అంటే ఎప్పుడో సోకి పోయిందని, ఇప్పటి జ్వరానికి కారణం వేరే. ఈబీఎన్ఏ యాంటీబాడీలు జబ్బు వచ్చిన రెండు మూడు నెలలకి గానీ కనబడవు, అందుకే దానికంత విలువ. ఒట్టి ఐజీజీ పాజిటివ్ చూసి హడలిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. నాకూ మీకూ చేస్తే దాదాపు ఖాయంగా పాజిటివే వస్తుంది.

గొంతు అంత ఘోరంగా ఉంటే యాంటీబయాటిక్ ఎందుకు ఇవ్వలేదు?

వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు కాబట్టి. ఎసైక్లోవిర్ లాంటి వైరస్ మందులు కూడా ఉమ్మిలో వైరస్‌ను తగ్గిస్తాయే గానీ పిల్లలు తొందరగా కోలుకునేలా చేయలేదు, అందుకే మామూలు కేసుల్లో వాడరు. కొందరికి దీనితో పాటే స్ట్రెప్ అనే బ్యాక్టీరియా కూడా గొంతులో ఉండొచ్చు. గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీసి చూస్తే తెలుస్తుంది. అది ఉండి, మందు అవసరమని డాక్టర్ అనుకుంటే అమాక్సిసిలిన్ కాకుండా వేరేది రాస్తారు. ఎందుకంటే…

అమాక్సిసిలిన్ వేశాక ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. ఇక జన్మలో పెన్సిలిన్ వాడకూడదా?

మా ఇంట్లో జరిగింది ఇదే. ఈబీవీ ఒంట్లో ఉండగా అమాక్సిసిలిన్ గానీ యాంపిసిలిన్ గానీ (రెండూ పెన్సిలిన్ కుటుంబం మందులే) వేస్తే చాలామందికి తట్టు పోసినట్టు ఎర్రటి దద్దు వస్తుంది, సాధారణంగా మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకి, ఛాతీ, వీపు నుంచి మొదలై పాకుతుంది. పాత లెక్కల్లో దాదాపు అందరికీ వస్తుందని రాసేవారు, ఈమధ్యవి చూస్తే ముగ్గురిలో ఒకరికి అన్నట్టుంది. ఎక్కువమందిలో ఇది అసలైన అలర్జీ కాదు, వైరస్ ఉన్నప్పుడు మాత్రమే జరిగే గొడవ. మందు ఆపేస్తే కొన్ని రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది.

అసలైన అలర్జీ తీరు వేరు. మందు వేసిన గంటా రెండు గంటల్లో దోమకాటులా ఉబ్బిన దద్దుర్లు లేచి దురద, పెదాలు, నాలుక వాపు, ఆయాసం వస్తాయి. అది ఎమర్జెన్సీ. దద్దుతో పాటు చర్మం పొక్కులు కట్టి ఊడినా, నోట్లో పుళ్లు పడినా కూడా ఆగకుండా వెళ్లాలి.

ఏ రకమైనా సరే, డాక్టర్‌తో మాట్లాడకుండా మళ్లీ ఆ మందు వేయొద్దు. కానీ ఫైల్ మీద పెన్సిలిన్ అలర్జీ అని ఎర్రసిరాతో రాయించుకుని జీవితాంతం మోయొద్దు కూడా. జబ్బు పూర్తిగా తగ్గాక అలర్జీ డాక్టర్‌కి చూపించి తేల్చుకోండి. ఒక మంచి మందు అనవసరంగా దూరమైతే నష్టం పిల్లలకే.

అయితే ఇంట్లో ఏం చేయాలి? ఏ మందులు వేయొచ్చు?

నొప్పి, జ్వరం అదుపులో పెట్టడం, నీళ్లు తాగించడం, పడుకోనివ్వడం. వినడానికి ఏమీ చేయనట్టే ఉంటుంది, కానీ మింగలేని పిల్లతో రోజుకి లీటరున్నర తాగించడం ఎంత పనో చేసినవాళ్లకి తెలుసు.

పారాసెటమాల్ బరువును బట్టి వేయాలి, ఒక్కో డోసుకి కిలోకి 15 మిల్లీగ్రాముల వరకు, డోసుకీ డోసుకీ కనీసం 4 గంటల తేడా, 24 గంటల్లో నాలుగు డోసులు మించకుండా. ఇందులో కాలేయం అప్పటికే కొంచెం అలసిపోయి ఉంటుంది కాబట్టి ఈ హద్దు దాటొద్దు, జలుబు మందుల్లో కూడా పారాసెటమాల్ కలిసి ఉంటుంది, అట్ట మీద చదవండి. ఇబుప్రోఫెన్ గొంతు వాపుకి బాగా పనిచేస్తుంది, కానీ పిల్లలు సరిగా తాగకుండా ఒంట్లో నీరు తగ్గి ఉంటే, ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే, డెంగీ కాదని ఇంకా తేలకపోతే వద్దు. ఆస్పిరిన్ మాత్రం పదహారేళ్ల లోపు పిల్లలకి అస్సలు వద్దు. వైరల్ జ్వరంలో అది వేస్తే రేస్ సిండ్రోమ్ అని మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే అరుదైన జబ్బు రావొచ్చు.

మాకు పనికొచ్చిన చిట్కా ఒకటి. మందు వేసిన అరగంటకి గొంతు కాస్త సడలుతుంది, తినిపించడం, తాగించడం ఆ గంటలోనే పెట్టుకోండి. చల్లనివి, మెత్తనివి దిగుతాయి. పుల్లనివి, కారంవి మంట. పుక్కిలించడం వచ్చిన పిల్లలైతే గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించమనండి. తిండి నాలుగు రోజులు తగ్గినా ఏం కాదు, నీళ్లు తగ్గితేనే ఆసుపత్రి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తే వెంటనే తగ్గిపోతుందని విన్నాం…

వాపు తగ్గి కొన్ని గంటలు హాయిగా అనిపించొచ్చు, జబ్బు మాత్రం తొందరగా పోదు. ఊపిరి దారి మూసుకుపోయేంత వాపు, ఎర్రకణాలు చితికిపోవడం, ప్లేట్‌లెట్లు ప్రమాదకరంగా పడిపోవడం లాంటి చోట్ల డాక్టర్లే వాడతారు. మీరు అడిగి చేయించుకునేది కాదు.

ఆటలు ఆపమన్నారు. వాడికి జ్వరం తగ్గిపోయింది, టోర్నమెంట్ పదిరోజుల్లో ఉంది. నిజంగా అంత ప్రమాదమా?

ఈ పేజీలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి. ప్లీహం అంటే కడుపులో ఎడమవైపు, పక్కటెముకల చాటున ఉండే పిడికిలంత అవయవం. ఈ జబ్బులో అది తెల్లకణాలతో నిండి ఉబ్బుతుంది, పేషెంట్లలో దాదాపు సగం మందికి. ఉబ్బేకొద్దీ పక్కటెముకల చాటు నుంచి కిందికి దిగుతుంది, పైనున్న పొర సాగి పల్చబడుతుంది. అలాంటప్పుడు మోచేయి తగిలినా, బంతి తగిలినా, సైకిల్ హ్యాండిల్ గుచ్చుకున్నా చిట్లిపోవచ్చు. ఒక్కోసారి ఏ దెబ్బా తగలకుండానే చిట్లుతుంది. ఇది జరిగేది నూటికి ఒకరి కంటే కూడా తక్కువమందికే, కానీ జరిగితే లోపల రక్తం పోతుంది, గంటల్లో ప్రాణం మీదికొస్తుంది.

ఎక్కువగా జరిగేది లక్షణాలు మొదలైన మొదటి మూడు వారాల్లో. అందుకే కనీసం మూడు వారాలు ఏ ఆటా వద్దు, ఒకరినొకరు గుద్దుకునే ఆటలు, కుస్తీ, కరాటే, జిమ్‌లో బరువులు, చెట్లెక్కడం, నీళ్లలోకి దూకడం అయితే నాలుగు వారాలు, డాక్టర్ అంటే ఇంకా ఎక్కువ. లెక్క పెట్టాల్సింది జ్వరం మొదలైన రోజు నుంచి. ఆ తేదీ క్యాలెండర్లో రాసి పెట్టుకోండి, పదిహేనో రోజున వాడు నాకు బాగానే ఉంది అని బతిమాలినప్పుడు ఆ తేదీయే మీకు అండ. బాగా అనిపించడానికీ ప్లీహం తగ్గడానికీ సంబంధం లేదు, అసలు చిక్కంతా అక్కడే.

స్కాన్ తీయించి తొందరగా పంపొచ్చా అని అడుగుతారు. అందరికీ స్కాన్ అక్కర్లేదు, పైగా ఎవరి ప్లీహం మామూలుగా ఎంత ఉంటుందో ముందు తెలియకపోతే కొలత చూసి తేల్చడం కష్టం. పొడుగ్గా ఉండే పిల్లల్లో మామూలుగానే పెద్దగా ఉంటుంది. ఇంట్లో తమ్ముళ్లతో కుస్తీలు, మంచం మీది నుంచి దూకుళ్లు కూడా ఆటల లెక్కే. మీరు రోజూ కడుపు నొక్కి చూడొద్దు. టీనేజ్ పిల్లలైతే ఇంకో మాట, ఈ రోజుల్లో మద్యం జోలికి వెళ్లొద్దని మొహమాటపడకుండా చెప్పండి, కాలేయం ఇప్పుడు దానికి సిద్ధంగా లేదు.

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి?

కడుపులో ఎడమవైపు పైభాగాన ఉన్నట్టుండి గట్టి నొప్పి వచ్చినా, ఆ నొప్పి ఎడమ భుజం కొనలోకి పాకినా, కళ్లు తిరిగి మొహం పాలిపోయి చెమటలు పట్టినా. భుజానికి దెబ్బ తగలకుండా భుజం నొప్పి అంటే లోపల రక్తం చేరి, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రం అనే కండరాన్ని తాకుతోందేమోనని అనుమానించాలి. గ్యాస్ నొప్పి అనుకుని ఆ రాత్రి ఆగొద్దు.

ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో శబ్దం వస్తున్నా, చొంగ మింగలేక కారిపోతున్నా, పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉంటున్నా అదీ అంతే. నోరు తెరవలేకపోవడం, నొప్పి ఒకే పక్కకి చేరడం అంటే టాన్సిల్ పక్కన చీము చేరుతోందేమో. విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మూర్ఛ, తికమకగా మాట్లాడడం, మొహం ఒకవైపు జారిపోవడం, కాళ్లలో బలం తగ్గడం అరుదే గానీ ఈ వైరస్‌తో జరుగుతాయి. కళ్లు పచ్చబడినా, చర్మం మీద నల్లటి చుక్కలు, కమిలిన మచ్చలు లేచినా, ఎనిమిది గంటలు దాటినా మూత్రం రాకపోయినా ఆ రోజే చూపించండి.

వస్తువులు ఉన్నట్టుండి మరీ చిన్నగానో పెద్దగానో కనిపిస్తున్నాయని పిల్లలు చెబితే కల్పించి చెబుతున్నారనుకోకండి. ఈ జ్వరంలో కొద్దిమందికి అలా జరుగుతుంది, ఎక్కువగా దానంతట అదే పోతుంది. డాక్టర్‌కి మాత్రం చెప్పాలి.

క్యాన్సర్, డెంగీ, ఇంకేదైనా కావొచ్చేమో అని టెన్షన్‌గా ఉంది.

ఇలాగే కనిపించేవి చాలానే ఉన్నాయి. స్ట్రెప్ గొంతు, సైటోమెగలో వైరస్, అడినో వైరస్, టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి, అన్నీ. టీకాలు సరిగా పడని పిల్లల గొంతులో బూడిద రంగు పొర కనిపిస్తే డిఫ్తీరియా కాదని తేల్చుకోవాలి. ఐదేళ్ల లోపు పిల్లలకి ఐదు రోజులకి మించి జ్వరం, కళ్లు ఎర్రబడడం, పెదాలు పగలడం, అరచేతులు వాయడం ఉంటే కవాసాకి జబ్బు గురించి అడగండి, అక్కడ ఆలస్యం గుండెకి చేటు. హెచ్‌ఐవీ కొత్తగా సోకినప్పుడు కూడా అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి టీనేజ్ పిల్లలతో డాక్టర్ ఒంటరిగా మాట్లాడాలంటే బయట కూర్చోండి, అవమానంగా తీసుకోకండి.

బిళ్లలు రాయిలా గట్టిగా ఉన్నా, మెడ కింద కాలర్ ఎముక పైన గుంటలో ఉన్నా, ఆరు వారాలు దాటినా తగ్గకుండా పెరుగుతున్నా, దానితో పాటు బరువు తగ్గడం, రాత్రి బట్టలు తడిసేలా చెమటలు, ఎముకల నొప్పి, పాలిపోవడం ఉంటే మళ్లీ వెళ్లి గట్టిగా అడగండి. గ్లాండ్యులర్ ఫీవర్ బిళ్లలు ముట్టుకుంటే నొప్పెడతాయి, కదులుతాయి, వారాల్లో చిన్నబడతాయి.

స్కూల్‌కి ఎప్పుడు పంపొచ్చు? వేరే గదిలో పెట్టాలా?

వేరే గది అక్కర్లేదు. ఉమ్మిలో వైరస్ నెలల పాటు ఉంటుంది, అన్నాళ్లు ఎవరిని ఎక్కడ దాస్తాం. జ్వరం పోయి, తిని, తాగి, కూర్చోగలిగితే పంపొచ్చు. సీసా, గ్లాసు, స్పూను, బ్రష్ వేరుగా ఉంచితే చాలు. స్కూల్లో మాత్రం ఆటల పీరియడ్ నుంచి మినహాయింపు రాతపూర్వకంగా ఇప్పించండి, నోటిమాటగా చెబితే వేరే సారు వచ్చినరోజు పరిగెత్తిస్తారు. ఇంట్లో ఎవరైనా అవయవ మార్పిడి అయినవాళ్లు, కీమో నడుస్తున్నవాళ్లు ఉంటే వాళ్ల డాక్టర్‌కి ఒక మాట చెప్పాలి.

నెలన్నర అయింది. ఇంకా మధ్యాహ్నం దాకా పడుకుంటోంది. నిజంగా నీరసమా, బద్ధకమా?

నేను బద్ధకం అన్నాను. ఒకసారి కాదు. ఆ మాటలు ఇప్పటికీ వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

గొంతు, జ్వరం రెండు వారాల్లో, బిళ్లలు నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. నీరసం చాలామందికి నెల లోపే పోతుంది గానీ కొందరికి రెండు మూడు నెలలు ఉంటుంది. 2009లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో మోనో వచ్చిన టీనేజర్లను రెండేళ్లు గమనించారు. ఆరు నెలలకి 13 శాతం మంది, ఏడాదికి 7 శాతం, రెండేళ్లకి 4 శాతం మంది ఇంకా తీవ్రమైన అలసటతోనే ఉన్నారు. అంటే ఎక్కువమంది బయటపడ్డారు, కానీ మిగిలినవాళ్ల అలసట నటన కాదు.

ఏం చేయాలంటే, నెలల తరబడి మంచానికే కట్టేయకూడదు, తోసి లేపకూడదు. మా ఇంట్లో పనికొచ్చిన పద్ధతి ఇది: తను బాగా లేని రోజున కూడా చేయగలిగినంత పని ఎంతో చూసుకున్నాం, రోజూ అంతే చేయించాం, వారానికోసారి కొంచెం పెంచాం. మంచి రోజు వచ్చిందని మూడు రోజుల హోంవర్క్ ఒక్కరోజే చేయిస్తే తర్వాతి మూడు రోజులు లేవలేదు, అది మేం దెబ్బతిని నేర్చుకున్నాం. లేచే టైమ్ ఒకటే ఉంచండి, పగటి నిద్ర అరగంటతో ఆపండి, స్కూల్ సగం పూటలతో మొదలుపెట్టించండి. పరీక్షలు దగ్గర్లో ఉంటే మెడికల్ సర్టిఫికెట్ ముందే తీసుకుని స్కూల్‌తో మాట్లాడండి, హాల్లో కూలబడ్డాక కాదు. రెండు నెలలకీ మార్పు లేకపోతే రక్తహీనత, థైరాయిడ్ చూడమనండి. నిద్ర, దిగులు గురించి కూడా అడగమనండి. స్నేహితులంతా ఆడుకుంటుంటే కిటికీలోంచి చూసే పిల్లలకి దిగులు రాకుండా ఎలా ఉంటుంది.

ఒకసారి వచ్చాక మళ్లీ వస్తుందా?

గ్లాండ్యులర్ ఫీవర్‌గా మళ్లీ రావడం చాలా అరుదు. వైరస్ మాత్రం తెల్లకణాల్లో జీవితాంతం నిద్రపోతూ ఉంటుంది, అప్పుడప్పుడూ మేల్కొన్నా మనకి తెలియదు. మళ్లీ అదే తీరు జ్వరం వస్తే ముందు ఇంకో కారణం వెతకాలి.

ఈబీవీ వల్ల క్యాన్సర్, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు వస్తాయని చదివాను.

సంబంధం ఉందన్నది నిజం, లింఫోమాలు అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్లలో కొన్నిటితో, ముక్కు వెనక భాగంలో వచ్చే ఒక క్యాన్సర్‌తో. 2022లో కోటి మందికి పైగా అమెరికన్ సైనికుల రికార్డుల నుంచి చేసిన అధ్యయనంలో ఈబీవీ సోకాక మల్టిపుల్ స్క్లెరోసిస్ అవకాశం 32 రెట్లు పెరిగిందని తేలింది. కానీ ఆ వైరస్ దాదాపు ప్రతి మనిషిలో ఉంటుంది, ఆ జబ్బులు అతి కొద్దిమందికే వస్తాయి, వైరస్ ఒక్కటే సరిపోదు. మీ పిల్లలకి ప్రత్యేకంగా చేయించాల్సిన పరీక్ష ఏదీ లేదు. కుటుంబంలో మగపిల్లలు ఎవరైనా ఇదే జ్వరంతో చనిపోయి ఉంటే మాత్రం డాక్టర్‌కి తప్పక చెప్పండి, ఈబీవీని తట్టుకోలేని అరుదైన జన్యులోపం ఒకటి తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుంది.

టీకా ఉందా?

వాడుకలో ఏదీ లేదు. ప్రయత్నాలు నడుస్తున్నాయి.

తమ్ముడు నిన్న అక్క గ్లాసులో నీళ్లు తాగేశాడు. ఇప్పుడేం చేయాలి?

ఏమీ చేయలేం, చేయాల్సిందీ లేదు. అక్కకి లక్షణాలు రాకముందు నుంచే ఉమ్మిలో వైరస్ ఉండి ఉంటుంది, వాడు ఈపాటికే పదిసార్లు ఎంగిలి తాగి ఉంటాడు, లేదా మూడేళ్లప్పుడే సోకి పోయి ఉంటుంది. మందు వేసి ఆపే దారి లేదు. వచ్చే రెండు నెలల్లో వాడికి జ్వరం, గొంతు నొప్పి మొదలైతే డాక్టర్ దగ్గర కూర్చోగానే, ఆయన పెన్ను తీసి అమాక్సిసిలిన్ అని రాసేలోపే, వాళ్లక్కకి మోనో వచ్చిందని చెప్పండి.